పట్టపగలు హనీ బ్యాడ్జర్ ఎదురైతే: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రైతులు తెలుసుకోవాల్సిన సంగతులు

యాసంగి వరి కోతలు అయిపోయి, సాగర్ ఎడమ కాలువకు నీళ్లు బంద్ అయ్యాక మన ప్రాంతం ఒక్కసారిగా మారిపోతుంది. నాలుగు నెలలు పచ్చగా, తడిగా ఉన్న నేల పది పదిహేను రోజుల్లో ఎండు కొయ్యకాళ్లుగా మిగులుతుంది. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "వింత జంతువు సంచారం" అనే వీడియోలు మొదలవుతాయి. పైన తెల్లగా, కింద నల్లగా, కుక్కకంటే పొట్టిగా ఉన్న జంతువు పొలం గట్టు మీద నడుస్తూ కనిపిస్తుంది. ఒకరు ఎలుగుబంటి పిల్ల అంటారు, ఇంకొకరు శవాలు తవ్వి తినే జంతువు అంటారు. సాయంత్రానికి కర్రలు పట్టుకుని పది మంది బయలుదేరతారు.

ఈ జంతువు పేరు హనీ బ్యాడ్జర్. హిందీలో బిజ్జు, కబర్ బిజ్జు అంటారు. కన్నడంలో తరకరడి అంటారు, అంటే దాన్ని ఎలుగు జాతి కిందే లెక్కగట్టారు. మన దగ్గర మాత్రం అందరికీ తెలిసిన ఒక పేరంటూ స్థిరపడలేదు. పేరు తెలియని జంతువును చూసి మనిషి ఎక్కువ భయపడతాడు, సగం గొడవ అక్కడే మొదలవుతుంది. రైతుకు ఇందులో నష్టం మూడు రకాలుగా ఉంటుంది. కోళ్లు పోవచ్చు, మనిషికో కుక్కకో గాయం కావచ్చు, తొందరపడి చంపితే జైలు కేసు మీద పడవచ్చు. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మన దగ్గర ఇది ఎందుకు ఉంటుంది?

హనీ బ్యాడ్జర్ దట్టమైన అడవిలో మాత్రమే బతికే జంతువు కాదు. ఎండు నేలలు, ముళ్లపొదలు, రాతి గుట్టలు, ఎత్తైన వాగు ఒడ్లు దానికి అనుకూలం. గట్టి గోళ్లతో తానే బొరియ తవ్వుకుంటుంది, లేదంటే వేరే జంతువు వదిలేసిన బొరియలో ఉంటుంది. ఒకసారి మన నేలను చూడండి. దామరచర్ల దగ్గర వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు వైపు కృష్ణ ఒడ్డు పొడవునా సున్నపురాయి నేల, సర్కారు తుమ్మ పొదలు, వదిలేసిన క్వారీ గుంతలు ఉన్నాయి. ఎగువన నాగార్జునసాగర్, అక్కడి నుంచి నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కొంత భాగం నల్లగొండ జిల్లాలోనే ఉంది. నల్లమల హనీ బ్యాడ్జర్ ఉండే అడవి. ఏటి ఒడ్డున పొదలు ఉన్నంత మేర ఇలాంటి జంతువు రాత్రిపూట తిరగడంలో వింతేమీ లేదు. ఏళ్లుగా తిరుగుతున్నా మనకు కనపడకపోయి ఉండవచ్చు. అది రాత్రి జీవి, పైగా ఒంటరిగా తిరుగుతుంది.

వీడియోల్లో చూపించే ప్రతి జంతువూ హనీ బ్యాడ్జర్ కాదు. తోక పొడవుగా ఉండి, తాటి చెట్టో ఇంటి దూలమో ఎక్కితే అది మానుపిల్లి. ఒంటి మీద చారలు, మచ్చలు, తోక మీద ఉంగరాల్లాంటి పట్టీలు ఉంటే పునుగు పిల్లి. ఒళ్లంతా పొలుసులు ఉంటే అలుగు. ముళ్లుంటే ఏదుపంది. హనీ బ్యాడ్జర్ పొట్టి కాళ్లతో నేలకు దగ్గరగా, గంతులేస్తున్నట్టు నడుస్తుంది. తల నుంచి తోక దాకా వీపంతా తెల్లటి లేదా బూడిద రంగు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. కడుపు, కాళ్లు, మూతి నల్లగా ఉంటాయి. చెవులు ఉన్నాయా లేవా అన్నట్టు చిన్నవి, తోక పొట్టిది. బరువు 5 నుంచి 14 కిలోల మధ్య ఉంటుంది. ఈ తెల్ల దుప్పటి గుర్తు పెట్టుకుంటే చాలు, పొరపాటు పడరు.

యూట్యూబ్‌లో ఇంగ్లండ్ బ్యాడ్జర్ల వీడియోలు చూసి పాడి రైతులు కొందరు పశువులకు క్షయ వస్తుందని భయపడుతుంటారు. అది వేరే జంతువు. ఇంగ్లండ్‌లో పశువుల క్షయకు, అక్కడి బ్యాడ్జర్‌కు సంబంధం ఉందని 2013 నుంచి వాటిని పెద్ద ఎత్తున కాల్చడం మొదలుపెట్టారు, దాని మీద అక్కడ ఇప్పటికీ వాదులాట నడుస్తోంది. ఆ గొడవను తెచ్చి మన బిజ్జుకు అంటగట్టడం సరికాదు.

పగలు కనిపించిందంటే అర్థం ఏమిటి?

ఇక్కడ కూడా ఇంగ్లండ్ లెక్క మనకు సరిపోదు. అక్కడి బ్యాడ్జర్‌కు వానపాములు ప్రధాన ఆహారం. ఎండాకాలం నేల గట్టిపడితే వానపాములు లోతుకు పోతాయి, రాత్రంతా తిరిగినా కడుపు నిండదు, అందుకే పగలు కూడా బయటకు వస్తుంది. మన హనీ బ్యాడ్జర్ వానపాముల మీద ఆధారపడదు. ఎలుకలు, పాములు, కప్పలు, తొండలు, పేడపురుగుల పిల్లలు, తేనెపట్టులు, రాలిన పండ్లు, ఏది దొరికితే అది తింటుంది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో దీన్ని ఏళ్ల తరబడి వెంబడించి చూసినవాళ్లు గమనించింది ఏమిటంటే, చలికాలంలో పగలు ఎక్కువగా తిరుగుతుంది, ఎండలు ముదిరితే రాత్రికి మారిపోతుంది. అంటే ఎండను తప్పించుకోవడమే దాని సహజ గుణం.

కాబట్టి ఏ వేళకు కనిపించిందన్నది ముఖ్యం. ఉదయం ఆరు, ఏడు గంటలకో సాయంత్రం పొద్దు గూకే వేళకో కనిపిస్తే భయపడాల్సింది లేదు, రాత్రి తిరుగుడు కొంచెం పొడిగించుకుంది, అంతే. మిట్ట మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో కనిపిస్తే మాత్రం దాన్ని ఏదో బయటకు తరిమిందని అర్థం చేసుకోవాలి.

తరిమే కారణాలు మన చుట్టూనే ఉన్నాయి. మొదటిది కొయ్యకాళ్లకు పెట్టే నిప్పు. గట్టు మీద ఉన్న పొదలకు మంట అంటుకుంటే బొరియలో ఉన్నది పగలనీ రాత్రనీ చూడకుండా బయటపడుతుంది. రెండోది జేసీబీ. ఎండాకాలంలోనే గట్లు చదును చేయిస్తాం, తుమ్మ పొదలు తీయిస్తాం, చెరువు మట్టి తోలుతాం, క్వారీల్లో పేలుళ్లు కూడా అప్పుడే ఎక్కువ. మూడోది దాహం. కాలువలో నీళ్లున్నంత కాలం జంతువుకు ఇంటి దగ్గరకు రావాల్సిన అవసరం లేదు. కాలువ ఎండితే మిగిలేవి బోరు దగ్గర గుంత, పశువుల తొట్టి, బత్తాయి, నిమ్మ తోటల్లో డ్రిప్ కింద తడి. 2023-24 యాసంగిలో సాగర్‌లో నీళ్లు అడుగంటి ఎడమ కాలువ కింద పంటలకు నీళ్లే వదలలేదు. అలాంటి ఏడాది మే నెల దాకా ఆగనక్కర్లేదు, జంతువులు ఫిబ్రవరి నుంచే బోర్ల చుట్టూ చేరతాయి. నాలుగోది పిల్ల. హనీ బ్యాడ్జర్ సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, ఏడాదికి పైగా వెంట ఉంచుకుని పెంచుతుంది. పిల్ల ఉన్న తల్లికి రాత్రి వేట చాలకపోతే పగలూ వెతుకుతుంది.

ఐదోది జబ్బు. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది దీనితోనే. ఇది ఎలా గుర్తించాలో కింద చెబుతున్నాం.

వడ్ల రాశుల దగ్గర

మన ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రాల దగ్గర, రోడ్ల వెంట, కల్లాల్లో వడ్లు రోజుల తరబడి రాశులుగా ఉంటాయి. కాంటా కోసం, లారీ కోసం ఎదురుచూస్తూ రైతు అక్కడే పడుకుంటాడు. మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు గురించి వేరే చెప్పక్కర్లేదు. పొలంలో పంట ఉన్నప్పుడు గట్ల బొరియల్లో చెదిరి ఉన్న ఎలుకలు, కోత అవ్వగానే ఈ రాశుల వైపు కదులుతాయి. ఎలుకల వెనక పాములు, పాముల వెనక, ఎలుకల వెనక ఈ జంతువులు. పునుగు పిల్లి అయినా, అడవి పిల్లి అయినా, బిజ్జు అయినా రాశి దగ్గరకు వడ్ల కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది.

అందుకే రాశి దగ్గర నేల మీద పట్టా పరుచుకుని పడుకోవడం మానాలి. మంచమో, ట్రాలీయో వాడండి. జంతువు కంటే పాము ప్రమాదమే అక్కడ ఎక్కువ. తిన్న అన్నం, మాంసం మిగిలితే రాశి పక్కనే పారేయవద్దు. టార్చ్ దగ్గర పెట్టుకోండి. రాత్రి ఏదైనా జంతువు రాశి చుట్టూ తవ్వుతుంటే దూరం నుంచి వెలుగు వేసి గట్టిగా చప్పుడు చేస్తే చాలు, వెళ్లిపోతుంది.

ఎలుకల మందు పెట్టేవాళ్లకు ఒక మాట. జింక్ ఫాస్ఫైడ్ పెట్టినా, బ్రోమోడయోలోన్ పెట్టినా, తెల్లారి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చండి. వాటిని తిన్న కుక్క, పిల్లి, గద్ద, బిజ్జు కూడా చావొచ్చు. ఎలుకలు తినేవాటిని మనమే చంపుకుంటే వచ్చే వానాకాలం గట్లకు పడే బొక్కలు మనమే పూడ్చుకోవాలి. ఒక్క బిజ్జు ఒక రాత్రిలో ఎన్ని ఎలుక బొరియలు తవ్వుతుందో గట్టు మీద దాని గోళ్ల గుర్తులు చూస్తే తెలుస్తుంది. గట్టు కూడా కొంత పాడవుతుంది, నిజమే. ఎలుకలు చేసే నష్టం ముందు అది చిన్నదే అని మా అభిప్రాయం.

ఎదురుపడితే

హనీ బ్యాడ్జర్ మనిషి మీదకు వేటకు రాదు. దారి దొరికితే పోతుంది. దారి మూసేస్తే మాత్రం తనకంటే ఎన్నో రెట్లు పెద్దదాని మీదకైనా తిరగబడుతుంది. చర్మం మందంగా, వదులుగా ఉంటుంది. కుక్క మెడ దగ్గర పట్టుకున్నా, ఆ వదులు చర్మంలోనే తిరిగి కుక్క మూతి కొరుకుతుంది. తోక కింద గ్రంథి నుంచి ఘాటైన కంపు వదులుతుంది. కర్రతో ఒక దెబ్బ వేస్తే పడిపోతుందనుకుని దగ్గరకు వెళ్లినవాళ్లకే గాయాలవుతాయి.

చేయాల్సింది సులువు. ఆగండి. చూపు దాని మీదే ఉంచి నెమ్మదిగా వెనక్కి జరగండి. పరుగెత్తవద్దు. అది పొద వైపు, కాలువ వైపు పోవడానికి దారి వదలండి. కుక్క ఉంటే పిలిచి కట్టేయండి, ఉసిగొల్పవద్దు. పిల్లల్ని ఇంట్లోకి పంపండి. ఫోన్ పట్టుకుని చుట్టూ మూగేవాళ్లను వెనక్కి పంపడం అన్నిటికంటే కష్టమైన పని, ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషి ఎవరో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి. షెడ్డులోకో, పాత ఇంట్లోకో దూరితే తలుపు ఒకటి తెరిచి ఉంచి, మనుషులు దూరంగా ఉండి, చీకటి పడేదాకా వదిలేయండి. చాలావరకు అదే వెళ్లిపోతుంది. వెళ్లకపోతే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు చెప్పండి, నంబరు తెలియకపోతే 112కు ఫోన్ చేస్తే పోలీసులు వాళ్లకు తెలియజేస్తారు.

పగలు కనిపించినంత మాత్రాన జబ్బు జంతువని అనుకోవద్దు. అయితే తూలుతూ నడవడం, ఒకేచోట గుండ్రంగా తిరగడం, నోట చొంగ కారడం, మనిషిని చూసినా పట్టించుకోకపోవడం, కారణం లేకుండా కర్రనో బండి టైరునో కొరకడం, వెనక కాళ్లు ఈడ్చడం కనిపిస్తే అది రేబీస్ కావచ్చు, కుక్కల నుంచి సోకే డిస్టెంపర్ కావచ్చు, విషం తిన్నదీ కావచ్చు. ఏదైనా సరే, ముట్టుకోవద్దు. చచ్చిపడినా చేతులతో ఎత్తవద్దు. మేకలు, గొర్రెలు ఆ వైపు పోకుండా చూసుకుని కబురు పెట్టండి.

కరిస్తే లేదా గోరు గీరితే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద కనీసం 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టవద్దు. కట్టు గట్టిగా కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం, చర్మంలో ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. అడవి జంతువు కరిచి రక్తం వచ్చిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే అప్పుడు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాల్సి ఉంటుంది. "చిన్న గీతే కదా" అని వారం ఆగడం ప్రాణం మీదకు తెస్తుంది. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. పశువును కరిస్తే 1962కు ఫోన్ చేయండి, పశువైద్యులు టీకా సంగతి చూస్తారు.

కోళ్ల గూడు

చిన్న రైతుకు అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. బిజ్జు గూట్లోకి దూరితే ఒక కోడితో ఆగదు, దొరికినన్ని చంపుతుంది. పండగకో అత్యవసరానికో దాచుకున్న పదీ పదిహేను నాటుకోళ్లు ఒక్క రాత్రిలో పోతే ఆ ఇంటి ఆడవాళ్ల చేతి డబ్బే పోయినట్టు.

గంప కింద కప్పిపెట్టడం, వెదురు తడక కట్టడం దీని ముందు పనికిరావు. సన్నటి కోళ్ల జాలీని గోళ్లతో చీలుస్తుంది, మెత్తటి చెక్క ఊడబీకుతుంది. గూటి కింద నేల మట్టిది కాకుండా బండలు పరచండి. మన దగ్గర నాపరాయి చవకే. గూటి చుట్టూ గట్టి వెల్డెడ్ జాలీని అడుగున్నర లోతుకు పాతి, కింది అంచును బయటి వైపుకు వంచండి. తవ్వుతూ వచ్చిన జంతువుకు ఆ వంపు అడ్డం పడుతుంది. తలుపుకు తాడు కాదు, గడియ ఉండాలి, గడియకు చిన్న కొక్కెం కూడా ఉంటే మంచిది, ఎందుకంటే ఇది తెలివైన జంతువు. పొద్దు గూకక ముందే కోళ్లను మూసేయండి. గూటి దగ్గర కోళ్ల పేగులు, గుడ్డు పెంకులు పారేయవద్దు.

తేనెటీగల పెట్టెలు పెట్టినవాళ్లు వాటిని నేల మీద ఉంచవద్దు. దక్షిణాఫ్రికాలో తేనె రైతులు ఒకప్పుడు పెట్టెలు పగలగొడుతోందని బ్యాడ్జర్లను చంపేవాళ్లు. తర్వాత పెట్టెలను మీటరుకు పైగా ఎత్తున్న ఇనుప స్టాండ్ల మీద పెట్టి, పట్టీతో బిగించడం నేర్చుకున్నారు. ఆ తేనెకు బ్యాడ్జర్‌కు హాని చేయని తేనె అని ముద్ర వేసి అమ్ముకున్నారు కూడా. మనకు ముద్ర అవసరం లేదు, స్టాండు చాలు.

కరెంటు తీగ, గుళికలు, నాటు బాంబు

ఈ మూడింటి గురించి మెత్తగా చెప్పలేం. అడవి పందుల కోసం అంటూ పొలం చుట్టూ లాగిన కరెంటు తీగకు ముందు బలయ్యేది తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క పొలం రైతు, లేదా తీగ పెట్టిన రైతే. అలాంటి చావుల వార్తలు మన రాష్ట్రంలో ఏటా వస్తున్నాయి. మనిషి పోతే హత్యానేరానికి దగ్గరి సెక్షన్ల కింద కేసు, దానికి తోడు కరెంటు చౌర్యం కేసు. సోలార్ ఫెన్సింగ్ వేరు, అది క్షణకాలం మాత్రమే షాక్ ఇచ్చి వదిలేస్తుంది. కరెంటు లైనుకు నేరుగా కలిపిన తీగ వదలదు.

ఫోరేట్ గుళికలను మాంసంలోనో అన్నంలోనో కలిపి పెట్టడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. పాత స్టాకు ఇంట్లో ఉన్నా అది ఉండకూడని వస్తువే. దాన్ని తిని ఊరి కుక్కలు చచ్చిపోయాక ఎవరు పెట్టారన్నది ఊళ్లో ఎక్కువ రోజులు దాగదు.

హనీ బ్యాడ్జర్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులి, అలుగు ఉన్న జాబితాలోనే. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఉచ్చు వేయడం, పట్టుకోవడం కూడా వేట కిందకే వస్తాయి. అడవి పందుల విషయంలో ప్రభుత్వం ఇచ్చిన సడలింపులు దీనికి వర్తించవు. ప్రాణం కాపాడుకోవడానికి నిజంగా వేరే దారి లేక చంపితే చట్టం మినహాయింపు ఇస్తుంది. కాని పది మంది తరిమి కొట్టి, వీడియో తీసి గ్రూపులో పెట్టాక ఆత్మరక్షణ అని చెబితే ఎవరు నమ్ముతారు? ఆ వీడియోనే సాక్ష్యమవుతుంది.

సమాధులు తవ్వుతుందన్న మాట మీద కూడా ఒక వివరణ. ఇది తవ్వే జంతువు, కుళ్లిన మాంసం కూడా తింటుంది. లోతు తక్కువగా పూడ్చిన చోట ఏ జంతువైనా తవ్వుతుంది, కుక్క అయినా, నక్క అయినా. లోతుగా తీసి, పైన బండలు పేర్చి పూడిస్తే ఆ సమస్య ఉండదు. చచ్చిన గొర్రెలు, కోళ్లను పూడ్చేటప్పుడూ అంతే.

ఈ వేసవిలో చేయదగ్గ పనులు

కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకుండా ఉండగలిగితే సగం సమస్య తగ్గుతుంది. తొలకరికి నీళ్లు పెట్టాక ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్‌తో కలియదున్నితే కొయ్యలు త్వరగా కుళ్లి ఎరువవుతాయి. వివరాలకు గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగవచ్చు. పొదలు తీయించేవాళ్లు జేసీబీని ఒక వైపు నుంచే మొదలుపెట్టించండి. లోపలున్నది రెండో వైపు నుంచి బయటపడుతుంది, ఊరి వైపు కాకుండా కాలువ వైపు తోవ ఉండేలా చూసుకుంటే మరీ మంచిది.

నీళ్ల తొట్టి పెట్టాలనుకుంటే ఇంటికి, కోళ్లగూటికి దూరంగా, చేను చివర పెట్టండి. ఇంటి ముందు పెడితే మనమే పిలిచినట్టవుతుంది. పశువులు తాగే తొట్టిలో పాత నీళ్లు రోజూ పొద్దున్నే పారబోసి కొత్తవి నింపండి, రాత్రి ఏది మూతి పెట్టిందో మనకు తెలియదు.

గోడ లేని వ్యవసాయ బావులు ఎండాకాలం జంతువులకు ఉరి లాంటివి. వాసన పట్టి నీళ్లకు వచ్చి లోపల పడతాయి, నాలుగు రోజులకు ఆ నీళ్లు మనకూ పనికిరావు. బావిలోకి ఏటవాలుగా ఒక తాటి మొద్దునో, మెట్లలా చెక్కలు కొట్టిన పాత నిచ్చెననో దింపి ఉంచండి. బిజ్జు ఎక్కగలదు. పడిందని తెలిస్తే మీరు లోపలికి దిగవద్దు, మొద్దు దింపి అందరూ పక్కకు జరగండి.

పొదలో పిల్ల ఒక్కటే కనిపిస్తే దాన్ని ఎత్తుకుని ఇంటికి తేవద్దు. తల్లి కొన్ని రోజులకోసారి పిల్లను నోట కరుచుకుని ఒక బొరియ నుంచి ఇంకో బొరియకు మారుస్తుంది. పిల్ల ఒంటరిగా కనిపించిందంటే చాలావరకు తల్లి దగ్గరలోనే ఉండి, మీరు ఎప్పుడు వెళ్తారా అని చూస్తోందని అర్థం. అక్కడ ఆ రోజుకు పని ఆపి వెళ్లిపోండి, తెల్లారి చూడండి. అప్పటికీ పిల్ల అక్కడే ఉంటే రేంజ్ ఆఫీసుకు చెప్పండి.